శాలువా మీది గింజ

కిటికీ సందుల్లో పాతగుడ్డ పేలికలు కుక్కి, గడియ బిగించి, ముక్కూ నోరూ కలిపి తుండుగుడ్డ చుట్టుకున్నాక నిదానం పళ్లేన్ని ముందుకు లాక్కున్నాడు. పళ్లెంలో చేమంతి జాతి పువ్వు గింజలు కుప్పగా ఉన్నాయి. ఒక్కో గింజ నెత్తిన తెల్లటి నూగుకుచ్చు. ఎవరైనా గట్టిగా నిట్టూర్చినా చాలు, ఆ కుచ్చు గొడుగులా విచ్చుకుని గింజను ఎత్తుకుపోతుంది. అందుకే విత్తనాల గిడ్డంగి మొత్తంలో ఆ ఒక్క గదికే ఫ్యాను లేదు. పసిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లోలాగా తలుపు తీయాలి. తుమ్ము వచ్చినవాడు వసారాలోకి పరుగెత్తాలి. మాట్లాడక తప్పకపోతే ముందు ముఖం గోడవైపు తిప్పుకోవాలి. చెప్పదలుచుకున్నది గోడకు చెప్పి, ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ పళ్లెంవైపు తిరగాలి. కొత్తగా చేరినవాళ్లు ఈ వింత చూసి నవ్వుకుంటారు. నెల తిరిగేసరికి వాళ్లే ఇంట్లో పెళ్లాంబిడ్డలతో గోడకేసి చూస్తూ మాట్లాడుతుంటారు.

నిదానానికి పెళ్లాంబిడ్డలు లేరు. అన్నావదినల ఇంట్లో మేడమీది గది ఒకటి ఉంది, అంతే. "నేనిక్కడ నిలబడి ఉంటే ఆ గోడతో ఏం మాటలయ్యా?" అని వదిన రోజుకొకసారైనా కసురుకుంటుంది.

నిదానం అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. పనిలో చేరిన కొత్తలో, అతని ముందున్న కుప్ప ఎంతసేపటికీ కదలకపోవడం చూసి మేస్త్రీ హడలిపోయాడు. "వీడు ఊపిరి తీస్తున్నాడో లేదో చూడండర్రా!" అన్నాడు. బతికే ఉన్నాడని తేలాక ఆ పేరు పెట్టాడు. మనిషి పొడుగు, సన్నం. పళ్లెం మీదికి వంగి వంగి మెడ ముందుకు సాగింది. కనుబొమల్లో, చెవుల వెనక ఎప్పుడూ ఇంత నూగు. అది నూగో నెరిసిన వెంట్రుకో ఇప్పుడు వదిన కూడా చెప్పలేదు.

ఈ పువ్వులో ఒక చిత్రముంది. తల్లి ఒకటే, పువ్వు ఒకటే, గింజలు మాత్రం రెండు రకాలు. నడిమధ్యన కాసినవాటికి కుచ్చులుంటాయి, అంచున చుట్టూ కాసినవాటికి ఉండవు. కుచ్చున్నవి ఎండ తగలగానే గాలిని పట్టుకుని ఎక్కడికో వెళ్లిపోయి, పడినచోట గబగబా మొలుస్తాయి. బోడివి తల్లి కాళ్ల దగ్గరే రాలి మట్టిలో మొద్దునిద్ర పోతాయి. కొనేవాళ్లకు తొందరగా మొలిచేవే కావాలి కనుక, పట్టకారుతో రెండింటినీ వేరుచేయడం నిదానం పని. బోడిగింజలను జాడీలో వేస్తూ అతను చాలాసార్లు, ఇవి మనవాళ్లే, అనుకున్నాడు. అనుకుని నవ్వుకునేవాడు. ఈరోజు నవ్వు రాలేదు.

గిడ్డంగిలో అందరూ గాలివాన అని పిలిచే ఆమె ఈరోజుతో పని మానేస్తోంది. సాయంత్రం బస్సుకు చెల్లెలి ఊరు వెళ్లిపోతోంది. చెల్లెలు జారిపడి మంచాన పడిందట, ఇల్లు చూసుకునే దిక్కు లేదట. తిరిగి రావడమంటూ ఉండదు.

పొద్దున మెట్లు దిగుతుంటే వదిన చేతులు తుడుచుకుంటూ అడ్డం వచ్చింది.

"ఇదిగో మరిదీ, ఇన్నేళ్లుగా నీ ముఖం చూస్తూనే ఉన్నాను. నాకు తెలియదనుకోకు. వెళ్లకండి, నాతో ఉండిపోండి, అను. రెండే ముక్కలు. ఆ చెల్లెల్ని కూడా ఇక్కడికే తెచ్చుకుందాం, కింది గది ఖాళీగానే ఉందిగా."

"చూద్దాం వదినా," అన్నాడు నిదానం, గోడకేసి.

"నీ చూద్దాం తగలెయ్య!" అంది వదిన.

చాలా ఏళ్ల కిందట గాలివాన ఈ గదిలోనే పనిచేసేది. బల్లకు అటు ఆమె, ఇటు అతను. మధ్యాహ్నాలు కళ్లతోనే కబుర్లు నడిచేవి. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం గాలిలో చెమ్మకు కుచ్చులన్నీ ముడుచుకుపోయి గింజలు కదలకుండా పడుకునేవి. ఆ రోజుల్లో మాట్లాడుకోవచ్చు. అందుకే నిదానానికి వానంటే ప్రాణం. అయితే ఒక ఎండరోజు మేస్త్రీ పంచె బల్ల మేకుకు తగులుకుని ఊడిపోయింది, ఆయన అది చూసుకోకుండా హుందాగా నాలుగడుగులు వేశాడు. నిదానం గోడవైపు తిరిగి, "మేస్త్రీగారు కూడా బోడిగింజల్లో చేరినట్టున్నారు," అన్నాడు. బుద్ధిలేని మాట. కానీ ఆమె ఆపుకోలేకపోయింది. తుండుగుడ్డ జారిపోయేలా పడీపడీ నవ్వింది. అప్పటిదాకా వేరుచేసిన కుప్పలన్నీ లేచాయి. గది నిండా తెల్లగా, మెల్లగా, ఎటు చూసినా గింజలే. ఆ తెలుపు మధ్యన ఆమె ముఖం మొదటిసారి గుడ్డ లేకుండా చూశాడు. ఆ ముఖాన్ని ఆ తరువాత మరిచిపోయిన రోజు లేదు.

"నువ్వు మనిషివా, గాలివానవా?" అని మేస్త్రీ గర్జించి, ఆ పూటే ఆమెను వసారా చివరి కొక్కేల గదికి మార్చేశాడు. పేరు మాత్రం ఆమెతోనే వెళ్లింది.

కొక్కేల గదిలోవీ అదే జాతి పువ్వులే, కానీ ఆ గింజలకు గాలితో పనిలేదు. ఒక్కోదానికి చివర రెండు కొక్కేలు. దారినపోయే మేకకో మనిషికో తగులుకుని, దులిపేసిన చోట దిగుతాయి. మందులు చేసేవాళ్లు వాటిని బస్తాలకొద్దీ కొంటారు. ఆ గదివాళ్లు ఇంటికెళ్లే ముందు ఒకరి బట్టలు ఒకరు ఏరుకుంటారు, లేకపోతే రాత్రి పడక మీద కూడా గుచ్చుకుంటాయి. గాలివాన ఎప్పుడూ ఉన్ని శాలువా కప్పుకునేది. అది గింజలకు ఇష్టమైన గుడ్డ. ఎంత ఏరుకున్నా, సాయంత్రం గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ శాలువా మీద ఎక్కడో ఒక గింజ మిగిలి ఉండేది. ఒకరోజు భుజాన, ఒకరోజు అంచున.

"ఏమండీ, అక్కడొకటి," అని నిదానం వేలు చూపించేవాడు.

"అయ్యో, చూడనేలేదు," అని ఆమె తీసిపారేసేది. కాసేపు నిలబడేది. అతను ఇంకేమీ అనకపోతే, "ఉంటానండీ," అని వెళ్లిపోయేది. ఇన్నేళ్లూ నిదానం బతికింది ఆ కాసేపటి కోసమే.

ఈరోజు వాన పడాలని పొద్దున్నుంచీ కోరుకున్నాడు. పడితే పళ్లెం వదిలి ఆమె గదికి వెళ్లవచ్చు. కిటికీ అద్దంలోంచి ఆకాశం కడిగిన గిన్నెలా మెరుస్తోంది. పగలంతా పట్టకారు గింజల మధ్య ఆడుతూనే ఉంది. వెళ్లకండి, కుచ్చున్నది ఇటు. నాతో ఉండిపోండి, బోడిది అటు. మధ్యాహ్నం టీ దగ్గర చెబుదామనుకున్నాడు. అక్కడ కొక్కేల గది ఆడవాళ్లంతా ఆమెను చుట్టుముట్టి ముక్కులు చీదుతున్నారు. ఎన్నడూ లేనిది మేస్త్రీ కూడా వచ్చి, "నువ్వెళితే ఇక్కడ ఆకు కూడా కదలదు," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వుతూ నిదానంవైపు చూసింది. అతను గ్లాసులోకి చూశాడు.

సాయంత్రం ఆమె పెట్టె తనే మోస్తానన్నాడు. గిడ్డంగి గోడ వెంబడే నడిస్తే బస్సు ఆగే చోటు. ఇద్దరూ పక్కపక్కన నడిచారు. పెట్టె బరువుగా ఉంది, మనసు అంతకన్నా బరువుగా ఉంది. మెడకు తుండుగుడ్డ ఇంకా వేలాడుతూనే ఉంది, విప్పడం మరిచిపోయాడు. బస్సు ముందే వచ్చి నిలబడి ఉంది. కండక్టరు పెట్టె అందుకున్నాడు.

అప్పుడు చూశాడు. శాలువా మీద, ఎడమ భుజాన, ఒక గింజ.

"ఏమండీ, అక్కడొకటి..." అంటూ వేలు లేచింది. ఈసారి వేలు ఆగలేదు. ముందుకు వెళ్లి ఉన్నిని తాకింది. రెండు కొక్కేలను మెల్లగా విడదీసి గింజను బయటికి తీశాడు. ఆమె కదలకుండా నిలబడింది. కళ్లు నిండాయి.

"ఇవాళ తీశారా!" అంది. బస్సు మెట్టెక్కి వెనక్కి తిరిగింది. "నిదానంగారూ, ఇన్నేళ్లు కొక్కేల గదిలో పనిచేసినదాన్ని. రోజూ సరిగ్గా ఒక్క గింజే నా కళ్లబడకుండా మిగిలిపోతుందాండీ?"

ఎన్ని సాయంత్రాలు, ఎన్ని గింజలు. అన్నీ ఆమె తనకోసం వదిలిపెట్టినవే. తను వేలు చూపించి ఊరుకున్నాడు. గొంతులోకి వదిన నేర్పిన రెండు ముక్కలూ వచ్చేశాయి. ఊపిరి నిండా పీల్చుకున్నాడు. మాట పెదవి దాటే ముందు మెడ తనంతట తానే తిరిగింది. ఎదురుగా గిడ్డంగి గోడ.

"వెళ్లకండి," అన్నాడు. పెద్దగా, ఎన్నడూ లేనంత పెద్దగా. "నాతో ఉండిపోండి."

ఆ మాట బస్సు మోతలో కలిసిపోయింది. ఊపిరి కుదుటపడ్డాక ఇటు తిరిగాడు. బస్సు అప్పటికే రోడ్డెక్కింది. వెనక అద్దంలో శాలువా రంగు కాసేపు కనిపించి, దుమ్ములో కలిసిపోయింది. అతను అలా ముఖం తిప్పుకోవడం ఆమె చూసే ఉంటుంది. ఆ గదిలో పనిచేసిన మనిషి, అర్థం చేసుకుంటుందని ఒక నిమిషం, ఇన్నేళ్ల తరువాత ఎందుకు అర్థం చేసుకోవాలని ఒక నిమిషం అనిపించింది.

ఆ ఊరికి పొద్దున్నే ఇంకో బస్సుంది. ఆ సంగతి నిదానానికి తెలుసు. తనెలాంటివాడో కూడా తెలుసు.

ఇంటికి వెళ్లేసరికి వదిన గుమ్మంలోనే ఉంది. అతని వెనక ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి తొంగిచూసి, లోపలికి దారి ఇచ్చింది. ఆ రోజు కసురుకోలేదు. అది మరీ కష్టంగా ఉంది.

తెల్లారి కిటికీ సందుల్లో పేలికలు కుక్కి, గడియ బిగించి, మెడలోని తుండుగుడ్డ పైకి లాక్కున్నాడు. పెదవి మీద చురుక్కుమంది. విప్పి చూశాడు. నిన్న చేతిలో ఉన్న గింజ ఎప్పుడు తగులుకుందో, గుడ్డ నేతలో రెండు కొక్కేలూ దిగేసి పట్టుకుని ఉంది.

తీయలేదు. గుడ్డను మళ్లీ అలాగే చుట్టుకుని పళ్లెం ముందుకు లాక్కున్నాడు. తెల్లటి కుప్ప కదలలేదు. గుడ్డ మీద, సరిగ్గా నోటి దగ్గర, ఆ గోధుమరంగు గింజ ఒక్కటే అతని ఊపిరికి పైకీ కిందికీ ఆడుతోంది.