నీలమేనండీ!

మూడోసారి కార్బురేటర్ విప్పి, దాని ఇత్తడి మరలను పెట్రోలు పళ్ళెంలో కడుగుతున్నాడు నిదానం. అది ఆయన అసలు పేరు కాదు. ముప్ఫై నాలుగేళ్ళు బస్సు డిపోలో ఏ బోల్టు ముట్టుకున్నా ముందు "నిదానమే ప్రధానం" అనేవాడు గనక అతుక్కుపోయిన పేరు. ఆయన వెనక చేరినవాళ్ళు ఫోర్‌మన్లయ్యారు. ఆయన మాత్రం మెకానిక్కుగా చేరి, మెకానిక్కుగానే ఇంటికొచ్చాడు. ఇవాళ ఆ నిదానం కూడా లేదు. ఒకే మర రెండుసార్లు వేళ్ళలోంచి జారింది.

నాలుగింటికి క్రేను వస్తుంది. ఇంటి ఓనరు ఈ కారు షెడ్డు కూల్చి గది వేసుకుంటాడట. "బండి నడిస్తే వెనక సందులో పెట్టుకోండి పెద్దాయనా. నడవకపోతే తుక్కు కొట్టుకే" అన్నాడు. నెల ముందే చెప్పాడు, మర్యాదగానే చెప్పాడు. తిట్టుకోవడానికి కూడా సందివ్వలేదు.

డిపో వెనక తుప్పు పట్టి పడివున్న గుండ్రటి దీపాల కారు అది. ఒక్కో ముక్కా వెతికి తెచ్చి, ఆరేళ్ళకు నిలబెట్టాడు. పిల్లలు లేని ఇల్లు. ఆదివారం పొద్దున్నే భార్య తల దువ్వుకొని ముందు సీట్లో కూర్చునేది. రెండు వీధులు చుట్టి వచ్చేవాళ్ళు. వాళ్ళు చూసిన లోకం అంతే, అది వాళ్ళకు చాలింది.

పదకొండు రోజులుగా ఇంజను తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. మొదటిరోజే పాత పద్ధతిలో నిప్పు చూశాడు. తాళం లోపల, ఇంజను ముందర, మధ్యలో పైకెత్తిన బానెట్. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. ఊడదీసిన ప్లగ్గును వైరుకే ఉంచి, బట్టల చెక్క క్లిప్పుతో పట్టుకుని ఇంజనుకి ఆనించి నిలబడడం భార్య పని. ఆయన తాళం తిప్పితే ఆవిడ రంగు చెప్పాలి. పసుపు నిప్పు వస్తే ప్లగ్గుకి కరెంటు పంపే కాయిలు పోయినట్టు. నీలం నిప్పు వస్తే కరెంటు భేషుగ్గా ఉన్నట్టు, తప్పు పెట్రోలు దారిలో ఉన్నట్టు.

"నీలమేనండీ!" అంది ఆవిడ. అంతే, పెట్రోలు దారి పట్టాడు. పంపు మార్చాడు, గొట్టాలు ఊదాడు, ట్యాంకు కడిగాడు. రోజూ మరోసారి నిప్పు చూడమనేవాడు. రోజూ నీలమే.

మూడున్నరకు కార్బురేటర్ బిగించాడు. నుదురు తుడుచుకుంటుంటే ఖాకీ చొక్కా చేతి గుండీ ముక్కుకి తగిలింది. మొన్న ఆవిడ ఎర్రదారంతో కుట్టిన గుండీ. "పెళ్ళికొడుకులా ఉన్నాను" అని నవ్వాడే గానీ, ఖాకీకి ఎర్రదారం ఎందుకు ఎక్కిందో అడగలేదు.

తాళం తిప్పాడు. ఇంజను మూలిగి, మూలిగి ఆగింది. మళ్ళీ తిప్పాడు. అంటుకోలేదు.

"ఆఖరిసారి నిప్పు చూద్దాం, రావే" అని పిలిచాడు. ఆవిడ గోడ తడుముకుంటూ వచ్చి, ఊడదీసిన ప్లగ్గుతో ఆయన అందించిన క్లిప్పు పట్టుకుని తన చోట నిలబడింది.

తాళం తిప్పాడు. బ్యాటరీ చచ్చిపోయింది. ఎక్కడో టక్కుమని చిన్న చప్పుడు. ఇంజను వీసమెత్తు కదల్లేదు. అది తిరగనిదే ప్లగ్గులో ఏ నిప్పూ రాదు.

"నీలమేనండీ!" అంది ఆవిడ ఉత్సాహంగా.

ఆయన చెయ్యి తాళం మీదే ఉండిపోయింది. కాసేపటికి దిగి, బానెట్ ముందుకొచ్చి, ఆవిడ గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పాడు. రెండు కళ్ళల్లోనూ తెల్లటి పొర. పదకొండు రోజులుగా ప్రతి ప్లగ్గునూ భూతద్దంతో చూసిన మనిషి, ఈ కళ్ళల్లోకి ఒక్కసారి చూడలేదు. సిగ్గుతో ఆయన ప్రాణం చచ్చిపోయింది.

"ఎన్నాళ్ళయింది?"

"పోయిన వానాకాలం నుంచి. టిక్కుమంటే నీలమే అనుకున్నానండీ. మీ చేతి బండి కదా, ఇంకేం వస్తుంది?"

"నాకు చెప్పొద్దుటే?"

"చెబితే ఇంట్లో కూర్చోమంటారు. షెడ్డులోకి పిలవరుగా."

అంటే పోయింది కాయిలే. అలమరలో కొత్తది ఉంది, విప్పని అట్టపెట్టెలో. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఆయన దానికోసం చెయ్యి చాపేసరికి గేటు దగ్గర క్రేను హారన్ మోగింది.

"పావుగంట ఆగు బాబూ. ఇది బిగిస్తాను, కాస్త తోస్తే లేస్తుంది" అని డ్రైవరు చెయ్యి పట్టుకున్నాడు. జన్మలో ఎవరినీ బతిమాలని మనిషి.

"నేను తోయడానికి రాలేదు తాతా, లాగడానికి వచ్చాను. ఇంకా రెండు బళ్ళున్నాయి" అన్నాడు డ్రైవరు. చెయ్యి మాత్రం మెల్లగానే విడిపించుకున్నాడు.

గొలుసు బిగిసింది. ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. వైరు ప్లగ్గు నెత్తి మీంచి ఊడిపోయింది. బండి తన చప్పుడేమీ లేకుండా క్రేను వెనకే గేటు దాటింది, ఆదివారాలు వెళ్ళే వైపే తిరిగింది.

"స్టార్టయిందా అండీ? చప్పుడు రాలేదే?" అంది ఆవిడ.

ఆవిడ చెయ్యి ఇంకా ఇంజను ఉండాల్సిన ఎత్తులోనే ఉంది. ఆ చేతిలో చెక్క క్లిప్పు, క్లిప్పు కొసన నల్లటి ప్లగ్గు.