పెళ్లిచూపుల బంతి

అక్కడికి చెయ్యి అందదు, భుజం ఎముక కిందికి, అద్దంలో చూసుకుంటూ ఎంత జాగ్రత్తగా అతికించినా నొప్పి పట్టీ మడత పడుతుంది, జతగా టెన్నిస్ ఆడే రోజుల్లో ఆ పని చిగుసాదే, ఏ ఊళ్లో ఏ చవక హోటల్లో దిగినా పొద్దున్నే వెనక నిలబడి ఫట్టున ఒకటి చరిచి అతికించేది, కదలకే తల్లీ, నీ వీపు చూస్తే ఇస్త్రీ చెయ్యాలనిపిస్తోంది అనేది, కోచ్‌లయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు, ఇవాళే నాగిసా అడగలేదు, చిగుసా కూడా ఇలా తిరుగు అనలేదు, క్లబ్బు గదిలో ఇద్దరూ చెరో గోడవైపు తిరిగి బూట్ల తాళ్లు కట్టుకున్నారు, సాయంత్రం హిరుకావా గారికి ఒక పేరు చెప్పాలి మరి.

హిరుకావా గారు మంచివాడే పాపం, ఒకయామా ఊరిచివర తండ్రి పెట్టిన ఈ క్లబ్బును ఇన్నాళ్లూ ఈడ్చుకొచ్చాడు, ఇప్పుడు సగం కోర్టులు అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ల పాలవుతున్నాయి, మిగిలిన రెండింటికి ఒక్క కోచ్ చాలు, ఎవరుంటారో మీరిద్దరే అనుకుని చెప్పండమ్మా, మీ ఇద్దర్లో ఒకర్ని పొమ్మనడం నావల్ల కాదు, మీరూ తేల్చకపోతే హిరోషిమా కుర్రాడొకడు వస్తానంటున్నాడు, వాణ్ని పెట్టుకుంటాను అని తల వంచి, పోసిన టీ అయినా ముట్టకుండా వెళ్లిపోయాడు, అప్పట్నుంచీ మొదలు, నువ్వుండవే అని చిగుసా, ఛ, నువ్వే ఉండు అని నాగిసా, నీకు మోకాళ్లు బాగున్నాయి కదే, నీకైతే పిల్లలు ఇట్టే చేరువవుతారు, వారం నుంచీ ఇదే తంతు, మొహమాటానికి పోతే కడుపొచ్చిందన్న సామెత ఊరికే పుట్టలేదు.

నాగిసా అలసిపోయింది, మోకాళ్లు వేరే సంగతి, మనిషే అలసిపోయింది, జంట ఆట తప్ప మరొకటి రానివాళ్లను ఎవరూ పూర్తి మనుషుల కింద లెక్కెయ్యరు, పేపర్లో ఎప్పుడూ ఇద్దరి ఇంటిపేర్లూ కలిపి ఉసుయి-కజితా అనే పడేది, మధ్యలో ఆ చిన్న గీతతో, కూరగాయల కొట్టు ఆవిడ ఇప్పటికీ తేరిపార చూసి మీరు ఉసుయినా, కజితానా అని అడుగుతుంది, ఉసుయి అంటే ఓహో, మరి ఆవిడ బాగున్నారా అంటుంది, నాన్న కూడా అంతే, చుట్టాలకి చెప్పేటప్పుడు మా అమ్మాయి ఒక్కతే ఆట ఆడదండీ, ఇంకో అమ్మాయి పక్కనుండాలి అనేవాడు, నవ్వుతూనే అనేవాడు, ఆ నవ్వుకి ఒళ్లు మండేది, కానీ అబద్ధం చెప్పలేదుగా ఆయన, పక్కన చిగుసా ఊపిరి వినబడకపోతే తన సర్వీసు నెట్టు దాటేది కాదు, అయ్యో, అదేంటి, కొట్టరేమర్రా!

బంతి సరిగ్గా నడిమధ్యన పడి, ఇసుక మీద జారి, కంచెకి తగిలి ఆగింది, ఆడుతున్న పిల్లలిద్దరూ, కహో ఇటు, మిరేయ్ అటు, బ్యాట్లు పైకెత్తి ఒకరినొకరు చూసుకుంటూ నిలబడిపోయారు, బయట కూర్చున్న పిల్లలు పెళ్లిచూపులు, పెళ్లిచూపులు అని గోల పెట్టారు, ఈ దేశంలో ఇలాంటి బంతికి అదే పేరు, పెద్దలు కూర్చోబెట్టిన పిల్లా పిల్లాడూ నువ్వు మాట్లాడతావా నేను మాట్లాడనా అని చూసుకుంటూ ఉంటే టీ చల్లారిపోతుందే, అలాగన్నమాట, ఎవరిదే ఆ బంతి అని నాగిసా గట్టిగా అడిగితే మిరేయ్‌దనుకున్నాను కోచ్ అంది కహో, నాదే కోచ్, తెలుసు, కానీ కహో కాలు కూడా ముందుకు పడింది, నేను కొడితే దాని చేతిలోది లాక్కున్నట్టుంటుందని, అంటూ మిరేయ్ నసిగింది, మంచి మర్యాదస్తులు దొరికారు నాకు, నోరున్నది అన్నం తినడానికేనా, నాది అని అరవండే అంటూ తిట్టబోయి నాగిసా సగంలో ఆగింది, ఒసాకాలో తాము ఆడిన ఫైనల్ చివరి బంతి కూడా ఇలాగే, తనూ చిగుసా చెరో అడుగు వేసి, చెరో అడుగు వెనక్కి తీసుకున్నారు, కప్పు అటువైపు పోయింది, తప్పు నాదే, కాదు నాదే అని ఒకరికొకరు వంగి వంగి దణ్ణాలు పెట్టుకున్నారు, రైల్లో తెరిచిన భోజనం పెట్టెలో చివరి గుడ్డట్టు ముక్క నువ్వు తినంటే నువ్వు తినని ఒకయామా దాకా అలాగే ఉండి చెత్తబుట్టలో పడింది, ఇద్దరికీ ఆకలిగానే ఉంది.

పిల్లలు వెళ్లాక ఇద్దరూ చెరో బ్రష్షు పట్టుకుని కోర్టు మీద ఇసుక సర్దుతున్నారు, పక్కపక్కనే, అడుగు తప్పకుండా, అదొక్కటీ ఇంకా వస్తుంది వాళ్లకి, ఆయన వచ్చే వేళయిందే, నువ్వుంటున్నావని చెప్పేస్తాను, సరేనా అంది చిగుసా తల తిప్పకుండా, ఛ, నువ్వే అన్న మాట నాగిసా నాలుక చివరకి దానంతటదే వచ్చి నిలబడింది, ఎన్నిసార్లు అన్న మాట, ఎంత సుఖమైన మాట, అంటే చాలు, మంచిదని పేరు, తర్వాత ఏం జరిగినా తన పూచీ లేదు, కానీ ఈ రెండు కోర్టులు లేకుండా రేపు పొద్దున లేచి ఎక్కడికి పోవాలి, ఎవరి మీద అరవాలి, కావాలి, తనకిది కావాలి, సరేనే, నేనుంటాను, నాకు కావాలి అంది.

చిగుసా బ్రష్షు ఆగింది, ఒక్క క్షణమే, మంచిదే, ఇప్పటికైనా నోరు తెరిచావు అని నవ్వింది, ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది, దానికీ కావాలి, ఎంత కావాలో నాగిసాకి తెలుసు, వారం నుంచీ తెలుసు, పోనీలే నువ్వే ఉండవే అందామని గొంతు దాకా వచ్చింది, గేటు దగ్గర హిరుకావా గారి కారు ఆగింది, చిగుసా మొహం అటు తిప్పుకుని గబగబా ఇసుక లాగుతోంది, నాగిసా పళ్లు బిగించి ఊరుకుంది, ఇన్నేళ్లూ దానికే వదిలేశాననుకున్నవాటిలో ఒక్కటీ దానికి దక్కలేదు, నేలపాలయ్యాయి అన్నీ, ఈ ఒక్కటి నేలపాలు కాలేదు, దీన్ని చిగుసా దగ్గర్నుంచే తీసుకుంది, తిరిగి ఇవ్వదు.