కాగితం ఉంగరం

ఖరీదైన సిగార్లు కొని, కాల్చి, నెట్‌లో రివ్యూలు రాయడం నా పిచ్చి. మార్కులు వేసేవాడికి సిగార్ పేరు ముందే తెలియకూడదు. తెలిస్తే నాలుక అబద్ధాలాడుతుంది. అందుకే దాని నడుముకి చుట్టిన కంపెనీ కాగితపు పట్టీని ఇంకొకరు తీసి చేతికివ్వాలి.

ఇన్నేళ్లూ ఆ పని మా ఆవిడది. కంపు భరించలేనని ముక్కు మూసుకునేది. పట్టీని మాత్రం ఉంగరంలా వేలికి తొడుక్కుని, నేను పేరు చెప్పేదాకా చెయ్యి వెనక్కి దాచుకునేది. తప్పు చెప్పానో, వారమంతా దెప్పేది.

ఆవిడ పోయాక నేనే కళ్లు మూసుకుని పట్టీలు తీసి చూశాను. ఏది ఏదో నా వేళ్లకి తెలిసిపోయింది. దొంగా నేనే, పోలీసూ నేనే. ఇదేం పరీక్ష, నా తలకాయ!

ఆదివారం సిగ్గు చంపుకుని పక్క ఫ్లాట్ తలుపు కొట్టాను. అక్కడుండే టైలర్, పాపం, అంతా ఓపిగ్గా విన్నాడు. అటు తిరిగి, పట్టీ చిరక్కుండా తీసి, సిగార్ నాకిచ్చాడు.

"మరి ఈ కాగితం, మీరు పేరు చెప్పేదాకా ఎక్కడ పెట్టుకోమంటారు సార్?"

మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"జేబులో వేసుకోండి," అన్నాను.