పదహారడుగుల వాన

పొద్దున్నే లేవగానే మార్లిస్ కాఫీ పెట్టుకునేది, రేడియోలో వాతావరణం వినేది, ఆ తర్వాత వాకిట్లో ఉన్న ట్రైలర్లోంచి బకెట్లు ఒక్కొక్కటే దింపి నీళ్లు పారబోసేది. ఆ వేసవంతా విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉత్తరాన చినుకు లేదు. మొక్కజొన్న మోకాలెత్తున ఆగిపోయింది. పచ్చికకు ఎవరూ నీళ్లు పెట్టకూడదని టౌను ఆఫీసువాళ్లు చర్చి తలుపుక్కూడా కాగితం అంటించారు. ట్రైలర్లో బకెట్లు మాత్రం ఏ రోజుకారోజు నిండుతూనే ఉన్నాయి.

"రేపు కూడా ఎండేనట," అనేది మార్లిస్, బకెట్ వంచుతూ, ట్రైలరు వైపు చూడకుండా, దానితోనే. "అందరికీ చెప్పారు. నీకే చెప్పలేదు కాబోలు."

ఆ ట్రైలరు, బండి వెనక కట్టి లాక్కుపోయే చిన్న ఇల్లు, ఆమె తమ్ముడు ఆర్విడ్‌ది. మాంసం డబ్బాను పక్కకు పడుకోబెట్టి చక్రాలు తగిలించినట్టుంటుంది. ముప్ఫై ఏళ్లు ఊళ్లో ఉత్తరాలు పంచిన ఆర్విడ్, ప్రతి వేసవిలోనూ భార్య వెర్నాతో కలిసి దాన్ని సుపీరియర్ సరస్సు ఒడ్డుకు లాక్కుపోయేవాడు. ఆఖరిసారి వెళ్లినప్పుడు అక్కడున్నన్ని రోజులూ వానే. తిరిగొచ్చి దాన్ని బండి నుంచి ఊడదీసి మార్లిస్ ఇంటి షెడ్డు పక్కన నిలబెట్టాడు. ఆ చలికాలంలో వెర్నా పోయింది. ఆర్విడ్ మళ్లీ ఆ ట్రైలరు తలుపు తియ్యలేదు. ఏళ్లు గడిచాయి. ట్రైలరు నేలలోంచి ఒక బర్చ్ మొక్క మొలిచి కిటికీలోంచి తల బయటపెట్టింది.

ఈ వసంతంలో ఒక ఆదివారం, మార్లిస్ ఇంట్లో భోజనం చేస్తూ, ఆర్విడ్ ఉప్పు అడిగినంత మామూలుగా చెప్పాడు, జిల్లా కేంద్రంలోని వృద్ధుల నిలయంలో గది చెప్పి ఉంచానని.

మార్లిస్ చెంచా కింద పెట్టింది. "నీకు అరవై ఆరేళ్లు. నా మోకాళ్లకంటే నీ మోకాళ్లు బాగున్నాయి. అక్కడికి పోయి ఏం చేస్తావ్?"

"కూర్చుంటా."

"కూర్చోడానికి ఇక్కడ కుర్చీల్లేవా?"

"ఇక్కడ కూర్చుంటే నువ్వొస్తావు."

మార్లిస్ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. వెనక సీట్లో ఎవడు ఏం చేస్తున్నాడో అద్దంలో చూడకుండానే చెప్పగలదు. తమ్ముడు అక్కడికి వెళ్లేది బతకడానికి కాదని ఆమెకి అర్థమైంది. బతిమాలితే వినే రకం కాడు. అందుకని ఇంకోలా అడిగింది.

"ఆ ట్రైలరు నాకియ్యి. నేను బాగుచేస్తా. చేస్తే, వేసవి చివర నాతో సరస్సుకు రావాలి. నేను చాలన్నప్పుడే తిరిగి రావాలి."

ఆర్విడ్ బయటున్న షెడ్డు వైపు, ట్రైలరు కిటికీలోంచి చెయ్యూపుతున్న బర్చ్ మొక్క వైపు చూశాడు. "సెప్టెంబరు మొదట్లో లేబర్ డే సోమవారానికి అది రోడ్డెక్కితే వస్తా. ఎక్కకపోతే మర్నాడు మంగళవారం గదిలో చేరిపోతా. నువ్వు నోరెత్తకూడదు."

వెంటనే ఒప్పుకున్నాడు. అదే ఆమెకి ఒళ్లు మండించింది. అది జన్మలో రోడ్డెక్కదన్న ధైర్యంతోనే కదా ఒప్పుకున్నాడు.

పాత ట్రైలరును చాసీ, అంటే కింది ఇనప చట్రం, దగ్గర నుంచి కట్టడమంటే, ముందు దాన్ని పూర్తిగా విప్పడం. పైనున్న అల్యూమినియం రేకులు జాగ్రత్తగా ఊడదీసి దాచాలి. లోపలి కర్రలు ఎంత కుళ్లినా పారెయ్యకూడదు. వాటిని కొత్త చెక్క మీద పరిచి, చుట్టూ పెన్సిలుతో గీసుకుని, ఆ గీత మీదే కొయ్యాలి. మార్లిస్ అలాగే చేసింది. కొన్ని కర్రలు చేత్తో పట్టుకుంటే తడి కేకులా రాలిపోయాయి. ఆ పొడినే కాగితం మీద ఒద్దికగా సర్ది చుట్టూ గీసుకుంది. ఆఖరికి ఇనప చాసీ ఒక్కటే మిగిలింది. తుప్పు గీకి, విరిగినచోట వెల్డింగు చేయించి, నల్లరంగు వేసింది.

రంగు ఆరలేదు. గోడలు లేవు, కప్పు లేదు, నేల కూడా లేదు. అయినా మార్లిస్ మొదట తలుపు తీసిన రోజు లోపల పడుతున్న వాన, కప్పు ఉండాల్సిన ఎత్తు నుంచి ఇంకా పడుతూనే ఉంది. పదహారడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. చాసీ అంచు దాటి ఒక్క చుక్క పడేది కాదు.

టౌను ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి కారు ఆపాడు. "ఏమ్మా, నీళ్లు పెట్టొద్దన్నాం కదా. మడుగు కట్టింది."

"నేను పెట్టలేదు. ట్రైలర్లో వాన."

ఆయన తొంగి చూశాడు. "ఓ, వానా. సరే అయితే," అని వెళ్లిపోయాడు.

పక్కింటి ఫిలిస్ తన టమాటాలకు రెండు పూటలా బకెట్లు పట్టుకుపోయేది. "ఇవాళ కొంచెం సన్నగా పడుతోంది మార్లిస్. ఏమన్నా చేశావా?"

"చేస్తే మొత్తం ఆగిపోయేట్టు చేస్తా. సన్నగా పడేట్టు ఎందుకు చేస్తాను?"

"కోపమెందుకు. నా టమాటాల గురించి అడిగా."

పాత ట్రైలర్ల క్లబ్బులో స్నేహితుడు డ్వైట్ గురువారం గురువారం వచ్చి, మార్లిస్ చేసిన రూబార్బ్ పై అనే పుల్లటి పిండివంట తిని, సలహా ఇచ్చి వెళ్లేవాడు. ఆ క్లబ్బులో వాళ్లకి దేవుడి తర్వాత భయం నీళ్లకే. ఎవరి ట్రైలరు చూసినా ముందు మూలలు తడిమి చూస్తారు.

"అతుకుల దగ్గర పాత జిగురు తీసి కొత్తది వేశావా?" అన్నాడు డ్వైట్.

"అతుకులెక్కడున్నాయి డ్వైట్? ఇంకా రేకులే పెట్టలేదు."

"పెట్టాక వెయ్యి. దండిగా వెయ్యి. ఆగిపోతుంది."

వీళ్లందరికంటే ఆమెని ఎక్కువ విసిగించింది ఆర్విడ్. రోజూ మధ్యాహ్నం వచ్చి, వాన అంచుకి సరిగ్గా రెండడుగుల ఇవతల మడత కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. సాయం చెయ్యడు. ఇంటికీ పోడు.

"ఆ స్క్రూ వంకరగా దిగుతోంది."

"వచ్చి సరిగ్గా దింపు."

"ఊరికే చెప్తున్నా."

"ఈ వాన సంగతేంటి మరి? నీ ట్రైలరే కదా."

ఆర్విడ్ గాలి పీల్చాడు. "సుపీరియర్ వాన. వాసన చూడు, దేవదారు, చల్లరాయి. అప్పుడు పడిందే ఇది." అంతే చెప్పి, కుర్చీ ఇంకో అడుగు వెనక్కి జరుపుకున్నాడు.

ఇల్లు కట్టేటప్పుడు ముందు గోడలు లేపి, తర్వాత లోపల బీరువాలు పెట్టుకుంటాం. ట్రైలరుకు అంతా తలకిందులు. ముందు నేల, ఆ పైన లోపలి పలకలు, వాటికి బయటివైపు నుంచి స్క్రూలు కొట్టి బీరువాలు, మంచం, బల్ల బిగించాలి. అన్నిటికంటే ఆఖర్న రేకులు చుట్టాలి. తొందరపడి రేకులు ముందు చుట్టినవాళ్లు మళ్లీ విప్పాల్సిందే. మార్లిస్ ఆ వరస తప్పలేదు. కానీ ఎండలో చెయ్యాల్సిన పనంతా వానలో చేసింది. టోపీ, రబ్బరు బూట్లు, పసుప్పచ్చ రెయిన్‌కోటు. రోడ్డు మీద పిల్లలు చెమటలు కక్కుతూ సైకిళ్ల మీద పోతుంటే, ఆమె వణుకుతూ పలకలకు పడవ వార్నిషు పూసేది. టార్పాలిన్ కడితే వాన దాని కిందనుంచి మొదలయ్యేది. టార్పాలిన్ కిందికి దించితే ఇంకా కిందనుంచి.

ఆగస్టు చివరికి ఆమెకి నీళ్లంటే పగ పుట్టింది. రేకులు చుట్టింది. అతుకు అతుకుకీ జిగురు టేపు, దాని మీద సందులు మూసే సీలెంటు వేసింది. నేల అంచులన్నీ నింపింది. దీపాల చుట్టూ, తలుపు చుట్టూ, కప్పు మీది గాలి కిటికీ చుట్టూ పూసింది. కిటికీలు బిగిస్తుంటే కింది పట్టీలో సన్నని చీలికలు కనిపించాయి, కిటికీకి రెండేసి. అద్దం సందులోకి దిగిన నీళ్లు బయటికి పోవడానికి తయారుచేసినవాళ్లు పెట్టే చీలికలవి. మార్లిస్‌కి ఆ సంగతి తెలుసు, క్లబ్బులో కొత్తగా చేరినవాళ్లకి తనే చెప్పేది కూడా. కానీ ఆ వేసవి తర్వాత కన్నమంటే చాలు, నీళ్లొచ్చే కన్నమే అనిపించింది. వాటినీ నింపేసింది.

గడువుకి ముందురోజు, ఆదివారం సాయంత్రం, పని అయిపోయింది. తలుపు మూసి చెవి పెట్టి విన్నది. టప్పుమన్న చప్పుడు లేదు. ఆ వేసవిలో మొదటిసారి బకెట్ల గురించి ఆలోచించకుండా భోంచేసింది.

సోమవారం పొద్దున ఆర్విడ్ సంచీ పట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కాలు, చెప్పులు, షేవింగు సామాను, అన్నీ నిలయానికి సర్దుకున్నవే. తెల్లగా మెరుస్తూ నిలబడ్డ ట్రైలరును చూసి అతని మొహం వాడింది. గెలుస్తాననుకున్న పందెం పోయినవాడి మొహం.

"ఎక్కు," అంది మార్లిస్. "లోపల చూడు. పొడిగా ఉంది."

"నేనెందుకు. నువ్వు తియ్యి."

ఆమె గడియ తిప్పింది. తలుపు ఆమె చేతిలోంచి ఎగిరిపోయింది. మోకాలెత్తు నీళ్లు ఒక్కసారిగా బయటపడి, మెట్టు మీంచి దూకి, మార్లిస్‌ని పచ్చిక మీద కూలేసి, ఆర్విడ్ సంచీని లాక్కుపోయి ఫిలిస్ టమాటాల్లో వదిలేశాయి. ఇస్త్రీ చొక్కాలు దడికి వేలాడాయి. లోపల వాన హోరున కురుస్తోంది.

మార్లిస్ లేవలేదు. ఉన్నచోటే కూర్చుని జుట్టులోంచి నీళ్లు పిండుకుంది.

"పో," అంది. "పోయి కూర్చో నీ గదిలో. నావల్ల కాదు. గోడలు కట్టాను, కప్పు కట్టాను, ప్రతి కన్నం మూశాను. ఇంకేం చెయ్యమంటావ్?"

ఆర్విడ్ కిందికి చూసుకున్నాడు. అతని బూట్ల నిండా నీళ్లు. వంగి దోసిట్లోకి కొంచెం తీసుకుని, చల్లదనం చూస్తున్నట్టు అలాగే పట్టుకున్నాడు. తర్వాత మెట్టెక్కి లోపలికి వెళ్లాడు. వెర్నా పోయాక అతను ఆ గడప దాటడం అదే మొదలు.

చాలాసేపు బయటికి రాలేదు. మార్లిస్ లేచి తొంగి చూసే ధైర్యం చెయ్యలేదు. ఎట్టకేలకు అతని గొంతు వచ్చింది, కాస్త బొంగురుగా.

"మార్లిస్. కిటికీ చీలికలు కూడా మూసేశావా?"

"మూశా."

"బస్సు నడిపినదానివి, దిగడానికి తలుపు లేకుండా పిల్లల్ని ఎక్కించుకున్నట్టుంది నీ పని. పడిన నీళ్లు ఎటు పోతాయి?"

"పడకుండా ఉండాలనే కదా మూసింది."

"పడతాయి. అవి పడేవే." తలుపులోంచి తల బయటపెట్టాడు. నెత్తి మీంచి, ముక్కు మీంచి నీళ్లు కారుతున్నాయి. "నా జేబుకత్తి సంచీలో ఉంది. తే. డ్రిల్లు కూడా తే. వెనక మూల నేల కొంచెం పల్లంగా ఉంది, అక్కడో కన్నం పెట్టాలి."

"వేసవంతా కుర్చీలో కూర్చున్నావ్. ఇప్పుడు నోరు లేచిందా?"

"కత్తి తేవే అంటే."

ఆమె టమాటా మొక్కల్లో వెతికి కత్తి తెచ్చింది. అతను ఒక్కో కిటికీ దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని, కత్తి మొనతో సీలెంటు పెళ్లగించాడు. చీలిక తెరుచుకోగానే సన్నటి ధార బయటికి వంగి పచ్చిక మీద పడింది. ఒకటి, పక్కనే ఇంకొకటి. మధ్యాహ్నానికి ట్రైలరు చుట్టూ ధారలే. గోడల మీంచి జారింది కిటికీ గాడుల్లోకి, నేల మీద పడింది మూల కన్నంలోకి పోతోంది. వార్నిషు పూసిన పలకలు మెరుస్తున్నాయి తప్ప ఒక్కటీ ఉబ్బలేదు.

డ్వైట్ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "కారుతోంది," అన్నాడు దిగులుగా.

"అవును," అన్నాడు ఆర్విడ్. "కొక్కెం తగిలించు, ట్రక్కు వెనక్కి తెస్తా."

మార్లిస్ అడ్డం నిలబడింది. "లోపలంతా తడి. దేని మీద పడుకుంటాం?"

"మంచాల మీద ఆ టార్పాలిన్ కప్పు. గొడుగులు రెండు పెట్టు. రోడ్డెక్కితే వస్తానన్నా. పొడిగా ఎక్కాలని అనలేదు కదా."

చొక్కాలు దడి మీదే మరిచిపోయారు. ఉత్తరానికి పోయే రోడ్డంతా ఎండిపోయి, అంచుల్లో గడ్డి గోధుమరంగుకి తిరిగింది. ట్రైలరు వెనక మాత్రం తారు మీద తడి గీత ఒకటి ఊరి నుంచి సరస్సు దాకా పడుతూ వచ్చింది. ఆర్విడ్ దారి పొడుగునా అద్దంలో ఆ గీతనే చూశాడు. రెండుసార్లు రోడ్డు మధ్య గీత దాటిపోతున్నాడని మార్లిస్ మోచేత్తో పొడిచింది.

మంగళవారం పొద్దున ఫోను మోగినప్పుడు వాళ్లు సరస్సు ఒడ్డున ఉన్నారు. మార్లిస్ ట్రైలర్లో పొయ్యి దగ్గర పాన్‌కేకులు తిప్పుతోంది. ఆర్విడ్ ఒక చేత్తో ఆమె మీద గొడుగు పట్టుకుని, రెండో చేత్తో ఫోను తీశాడు.

"ఆర్విడ్ గారూ, మీ గది సిద్ధం చేశాం," అంది నిలయం నుంచి ఒకావిడ. "ఎన్నింటికొస్తున్నారు?"

ఆర్విడ్ కిటికీలోంచి బయటికి చూశాడు. సుపీరియర్ నీలంగా, నిశ్చలంగా, అంచుదాకా ఒక్క మబ్బు లేకుండా మెరుస్తోంది. ఒడ్డున ఎవరో తువ్వాళ్లు ఆరేస్తున్నారు. లోపల గొడుగు మీద చినుకులు తీరిగ్గా పడుతున్నాయి.

"ఇక్కడ వాన పడుతోందమ్మా," అన్నాడు. "తగ్గగానే వస్తాను."

"అయ్యో, వానలో బండి నడపకండి. తగ్గాకే రండి. గదికేం తొందర లేదు."

"మంచిదమ్మా," అని ఫోను పెట్టేశాడు. కిటికీ కింది చీలికలో చిన్న ఆకు ఇరుక్కుని ఉంటే, వంగి గోటితో తీసి, ధార మళ్లీ బయటికి పోతోందో లేదో చూశాడు.

"ఆ గొడుగు సరిగ్గా పట్టుకో," అంది మార్లిస్. "పెనంలో పడుతోంది."