ఆమెన్ అనని మాస్టారు

పదకొండేళ్లుగా పెట్టె మాస్టారు సత్ప్రసాదం, అంటే పూజలో ఫాదర్ పంచే అప్పం, తీసుకోవడం లేదన్న సంగతి గుడిలో ఒక్కరికీ తెలియదు. తెలిసే వీలూ లేదు. గుడి వెనకవైపు పాటల మేడ మీద, కాళ్లతో తొక్కే హార్మోనియం పెట్టె ముందు ఆయన చోటు. జనం వరస కట్టి పీఠం దగ్గరికి వెళ్లే వేళకే పాట సాగాలి. రెండు చేతులూ రెండు కాళ్లూ పనిలో ఉన్న మనిషిని, నువ్వెందుకు రాలేదయ్యా అని ఎవరడుగుతారు? పొద్దున ఆరు గంటల పూజలోనే తీసుకుని ఉంటాడులే అనుకునేవారు. వారమంతా కుట్టుమిషన్లు బాగుచేసుకునే మనిషికి ఇంత లౌక్యం ఎక్కడిదంటారేమో, అది భయం నేర్పిన లౌక్యం.

భయం ఆమెన్ అనే మాటంటే. క్రీస్తు శరీరం అంటూ ఫాదర్ చేతిలో పెట్టగానే, అవునని ఒప్పుకుంటూ ఆమెన్ అనాలి. ఆయన చెల్లెలు మొదటి మొగుడి చేతిలో చావు తప్పించుకుని బయటపడింది. తర్వాత ఒక మంచి మనిషిని రిజిస్టరాఫీసులో పెళ్లాడింది. మొదటి పెళ్లి చెల్లదని తేల్చమంటూ చర్చి పెద్దలకు పెట్టుకున్న అర్జీ నిలవలేదు. గుడి లెక్కలో నువ్వింకా మొదటివాడి భార్యవే, కాబట్టి నీకు సత్ప్రసాదం ఇవ్వడం కుదరదమ్మా అన్నారు అప్పటి ఫాదర్. చెల్లెలు మారుమాట్లాడకుండా మూడో వరసలో కూర్చోవడం అలవాటు చేసుకుంది. మాస్టారికే ఆ నియమం మింగుడు పడలేదు. లోపల కాదంటూ పైకి ఆమెన్ అంటే అబద్ధం కాదా? అసలు ఆ ఆమెన్ ఎంతవరకు వర్తిస్తుంది? చేతిలో పెట్టినదాని వరకేనా, ఉపదేశ పుస్తకంలో ఉన్న ప్రతి వాక్యానికీనా? మిషను విప్పుతున్నా, అన్నం కలుపుతున్నా ఇదే ఆలోచన. ఎవరినైనా అడుగుదామంటే నోరు పెగల్లేదు.

ఇంతలో కొత్త ఫాదర్ వచ్చారు. కుర్రాడు, చురుకైనవాడు. రెండో ఆదివారం కింద అందరికీ ఇచ్చేసి, పాత్ర పట్టుకుని నేరుగా మేడ మెట్లెక్కారు. పాడేవాళ్లకీ తనే తెచ్చిస్తే బాగుంటుందనుకున్నారట.

పాటకి ఉన్నవి నాలుగే చరణాలు, నాలుగోది అయిపోవస్తోంది. మాస్టారు ఆపకుండా మొదటిది మళ్లీ ఎత్తుకున్నారు. పాడేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పాట ఆపి సత్ప్రసాదం తీసుకున్నారు. ఫాదర్ వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు. మాస్టారు తల వంచుకుని రెండో చరణం వాయించారు, పాడే గొంతు ఒక్కటీ లేకుండా. మూడోది కూడా మొదలెట్టేసరికి ఫాదర్ నవ్వాపుకుంటూ దిగిపోయారు. కింద గుడి మొత్తం తలలు తిప్పి పైకి చూసింది.

పూజయ్యాక ఫాదర్ ఆయన్ని గదిలోకి పిలిచి, కోపమేమీ లేకుండా, తెలుసుకుందామని అడిగారు. మాస్టారు ఉన్నదంతా కక్కేశారు. ఫాదర్ ఆ నియమం తప్పనీ అనలేదు, ఇప్పటికిప్పుడు ఒప్పుకోమనీ అనలేదు. కాదని ఈసడించి పోయేవాడు వేరు, మింగుడు పడక పెనుగులాడేవాడు వేరు అన్నారు.

"ఆమెన్ అంటే ఇది ఆయన శరీరమేనని నమ్మడం. నేనీ ఇంటివాణ్ణేనని చెప్పడం కూడా. ఇంట్లో ఉండి పోట్లాడేవాళ్లు లేరా మాస్టారూ? గురువారాలు నాకు ఖాళీ, వచ్చి పోట్లాడండి."

మరి మా చెల్లెలి సంగతేంటి అన్నారు మాస్టారు. దానికి ఫాదర్ ఇవాళ తన దగ్గర జవాబు లేదన్నారు. అయితే నాకూ వద్దని లేచి వచ్చేశారు మాస్టారు.

వాకిట్లో చెల్లెలు కాచుకుని ఉంది. ఆ వాయింపేంటని నిలదీసింది. ఆయన చెప్పారు. తనకోసం ఇంత చేశాడా అని కళ్లనీళ్లు పెట్టుకుంటుందని లోలోపల ఆశ కూడా పడ్డారు, దాచడమెందుకు. ఆమె మొహం మాత్రం పాలిపోయింది.

"నన్నడిగి మానేశావా అన్నయ్యా? పొద్దున పూజలో నువ్వు తీసుకునే వస్తావనుకున్నా. మా ఇంట్లో ఒక్కరికైనా అందుతోంది కదా అని, అది తలుచుకునే ప్రతివారం అక్కడ కూర్చోగలిగా. నాకు ఇవ్వనన్నారు. నీకు ఎవరు ఇవ్వనన్నారు?"

పదకొండేళ్లలో మాస్టారు ఎన్నో ప్రశ్నలు వేసుకున్నారు గానీ, నువ్వు ఏం తలుచుకుని వస్తున్నావే అని చెల్లెల్ని ఒక్కసారి అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయారు.

శనివారం ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకుని పాపసంకీర్తనం చేశారు. ఆదివారం నాలుగో చరణంతోనే పాట ముగించారు. ఫాదర్ మెట్లెక్కి వచ్చారు.

"క్రీస్తు శరీరం."

"ఆమెన్."

ఒప్పుకోనిది ఇంకా ఒప్పుకోలేదు. గురువారం ఆ పోట్లాట ఉండనే ఉంది, చెల్లెల్ని కూడా తీసుకెళ్లి పోట్లాడతారు. మేడ అంచున నిలబడి ఆయన కిందికి చూశారు. పీఠం దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లంతా మోకాళ్ల మీద ఉన్నారు, మూడో వరసలో చెల్లెలు ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె వెనక్కి తిరిగి, తీసుకున్నావా అన్నట్టు కళ్లతోనే అడిగింది. ఆయన తలూపారు. ఆమె ముందుకు తిరిగి, కడుపు నిండినదానిలా కళ్లు మూసుకుంది.