కారులో చదివిన నవల

కామాక్షి గారు వ్యవసాయ విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి 2011లో రిటైరయ్యారు. పుట్టింది భీమవరం దగ్గరే అయినా వయసంతా హైదరాబాదు రాజేంద్రనగర్‌లోనే గడిచింది. అక్కడి క్వార్టర్స్‌కి రోజూ పొద్దున్నే తొండుపల్లి నుంచి ఆకుకూరల గంపతో వచ్చే వరమ్మ ఆవిడకు స్నేహితురాలు. మెట్ల మీద కూర్చుని కొత్తిమీర కట్టలు విడదీస్తూ వరమ్మ చెప్పిన ముచ్చట్లన్నీ కామాక్షి మనసులో పేరుకుపోయాయి. రిటైరయిన ఏడాదికి అవే నవలయ్యాయి. పేరు 'తోటకూర మడి'. అందులో నాయిక పేరు మార్థమ్మే గానీ, మనిషి మాత్రం అచ్చంగా వరమ్మ.

ఐదువందల కాపీలు వేశారు. సభ జరిగింది, శాలువా కప్పారు, ఒక పత్రికలో సమీక్ష కూడా వచ్చింది. ఆ తరవాత ఎవరూ ఏమీ అనలేదు. ఎవరిని కదిలించినా "అందిందండీ, తీరిగ్గా చదవాలి" అనేవారు. ఆ తీరిక ఎవరికీ చిక్కలేదు.

ఆ ఏడు క్రిస్మస్‌కి వరమ్మ పిలిస్తే కామాక్షి తొండుపల్లి వెళ్ళారు. గోడ అలమరలో బైబిలు పక్కన తన పుస్తకం కనబడింది. ఇచ్చినప్పుడు చుట్టిన రంగుకాగితం కూడా ఊడలేదు.

"ఇదేమిటి వరమ్మా, ఎవరిచేతా చదివించుకోలేదా?"

"ఎవరు చదువుతరమ్మా? వినోద్ పొద్దంత బండి మీదనే ఉంటడు. కోడలికి డ్యూటీ. నాకేమో అచ్చరం రాదాయె." వరమ్మ నవ్వుతూనే చెప్పింది. "నా ముచ్చట ఊరందరికి ఎరుకైతది. నాకే ఎరుక లేదు!"

కామాక్షికి మనసు చివుక్కుమంది. ఎవరి కథ రాశారో ఆ మనిషికే అందలేదన్నమాట. కాగితం విప్పి, మొదటి పేజీ తీసి, అక్కడే చదవడం మొదలుపెట్టారు.

రెండు పేజీలయ్యేసరికి వరమ్మ పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి ఎదురుగా చతికిలబడింది. మార్థమ్మ నలుగురిలో పటేలును నిలదీసే చోట చప్పట్లు కొట్టింది. లోపల అన్నం తింటున్న ఆమె కొడుకు వినోద్ కుమార్ కంచం చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చాడు. అతను ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు.

"మేడమ్, జర ఆగుండ్రి. ఫోన్ల రికార్డు చేస్త. పార్కింగ్‌ల మా నంబరు వచ్చేదాంక నాలుగైదు గంటలు ఊకెనే కూసుంటం. పుస్తకం పట్టుకుంటే నిద్రొస్తది గని, గిట్ల చెప్తే అందరు వింటరు."

ఆలోచన బాగానే ఉంది. కానీ ఊరు ఎయిర్‌పోర్టు పక్కనే కావడంతో ఐదు నిమిషాలకోసారి విమానం ఆ ఇంటి నెత్తి మీదుగా పోతుంది. సగం వాక్యం దాని మోతలో కలిసిపోతుంది. అందుకని వినోద్ తన ఇండికాలో ఇద్దరినీ హిమాయత్ సాగర్ గట్టుకి తీసుకెళ్ళాడు. ఒక చెట్టు నీడన కారు ఆపి, అద్దాలన్నీ ఎక్కించి, ఏసీ కట్టేసి, ఫోను రికార్డింగులో పెట్టాడు.

కామాక్షి శ్రద్ధగా చదివారు. మార్థమ్మ మాటల దగ్గరికి వచ్చేసరికి వరమ్మ మూతి బిగించుకుంది.

"ఏమయింది?"

"మాటలు నావే గని నోరు నాది కాదమ్మా. మార్థమ్మ రేడియోల వార్తలు చెప్తున్నట్టున్నది."

వినోద్ స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. కామాక్షికీ నవ్వాగలేదు. "అయితే ఆ మాటలు నువ్వే చెప్పు" అన్నారు.

అప్పట్నుంచి అదే పద్ధతి. కథ కామాక్షి చదువుతారు. మార్థమ్మ మాట రాగానే మెల్లగా చెవిలో అందిస్తారు, వరమ్మ గొంతెత్తి అంటుంది. రెండో అధ్యాయంలో కామాక్షి అందించినదాన్ని దాటి వరమ్మ నాలుగు మాటలు ఎక్కువే అనేసింది.

"వరమ్మా, పుస్తకంలో అలా లేదు."

"లేకుంటే ఏందమ్మా? ఆనాడు నేను గట్లనే అన్న. నీకు చెప్పుడు మరిచిన."

కామాక్షికి కాస్త కోపమే వచ్చింది. రచయిత్రి కదా! వెనక్కి తిప్పి వినిపించమన్నారు. మూడుసార్లు దిద్ది రాసుకున్న తన వాక్యం ఆ మాటల పక్కన వెలవెలబోయింది. సంచిలోంచి పెన్ను తీసి, వరమ్మ అన్నది అన్నట్టుగా పేజీ పక్కన రాసుకున్నారు. ఆ తరవాత ఇంకెప్పుడూ ఆపలేదు.

వారానికి రెండు రోజుల చొప్పున, చెమటలు కక్కుతూ, మార్చికల్లా పద్నాలుగు భాగాలూ ముగించారు. వినోద్ వాటిని బ్లూటూత్‌లో దోస్తులకు పంపాడు. వాళ్ళు ఇంకెవరికి పంపారో ఎవరికీ తెలియదు.

ఏప్రిల్లో కామాక్షి విశాఖపట్నం వెళ్ళి, పొద్దుటి విమానంలో తిరిగొచ్చి క్యాబ్ ఎక్కారు. డ్రైవరుకు నలభై ఏళ్ళుంటాయి. పేరు కుర్మయ్య. బండి రోడ్డెక్కగానే ఏదో మీట నొక్కాడు. కామాక్షికి తన గొంతే వినబడింది.

"బాబూ, ఇది..."

"జర ఆగమ్మా, మంచి ముచ్చట నడుస్తున్నది."

కామాక్షి సీటుకు జారగిలబడి విన్నారు. మార్థమ్మ మాట వచ్చిన ప్రతిసారీ కుర్మయ్య స్టీరింగు చరిచి నవ్వుతున్నాడు. అద్దంలో ఆవిణ్ణి చూస్తూ అన్నాడు: "చదివే మేడమ్ మంచిగనే చదువుతది. గని ముసలామె వచ్చినంక చూడుండ్రి, ఇగ మజా!"

కామాక్షి కొంచెం కూడా నొచ్చుకోలేదు. కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళు తడిసేదాకా నవ్వారు.

ఇంటి గేటు దగ్గరకు వచ్చేసరికి ఏడో భాగం అయిపోయింది. కుర్మయ్య నిట్టూర్చాడు.

"ఇగ నా తాన ఇంతే ఉన్నదమ్మా. మార్థమ్మ మేకపిల్ల తప్పిపోయింది. దొరికిందో లేదో అని మూడు దినాల సంది పరేషాన్‌ల ఉన్న. ఎనిమిదోది ఎవ్వల తాన అడిగినా లేదంటున్నరు."

కామాక్షి చిన్నా చితకా కథలు రాయడం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళు. తరవాత ఏమైందని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. తలుపు తీయబోతున్న మనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"దొరికింది."

"మీకెట్ల ఎర్క?" అంటూ కుర్మయ్య వెనక్కి తిరిగాడు. ఆవిడ ముఖం చూశాడు, కారు స్పీకరు వైపు చూశాడు. "అమ్మా... గీ గొంతు..."

"నాదే. ముసలామె తొండుపల్లిలో ఉంటుంది. ఒకరోజు తీసుకెళ్ళి చూపిస్తాను."

కుర్మయ్య చటుక్కున ఇంజను ఆపేశాడు. "గది తర్వాత. ముందుగాల మేకపిల్ల యాడ దొరికిందో చెప్పుండ్రి!"

కామాక్షి సంచీ ఒళ్ళో పెట్టుకుని ఎనిమిదో భాగం చెప్పడం మొదలుపెట్టారు. పుస్తకం చేతిలో లేదు, అక్కర్లేదు. మార్థమ్మ మాటలు వచ్చిన చోట వరమ్మలా అనబోయారు. కుర్మయ్య తలడ్డంగా ఊపి, "గట్ల కాదమ్మా, గిట్లంటది ఆమె" అని దిద్దాడు. ఆవిడ మళ్ళీ అన్నారు. ఈసారి కుదిరింది. మేకపిల్ల దొరికేసరికి ఇద్దరూ చిన్నపిల్లల్లా కేరింతలు కొట్టారు. పక్కింటి వాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు.