తొమ్మిదో పేరు

అప్పులవాళ్ల జాబితాలో తొమ్మిదో పేరు దగ్గర మాధవీలత వేలు ఆగిపోయింది. 'నసీమున్నీసా, భర్త కీ.శే. పీరు, రూ. 16,400.'

మిగతా ఎనిమిది పేర్లూ ఆమెకు తెలిసినవే. పురుగుమందుల షాపు అంకారావుది అన్నిటికంటే పెద్ద బాకీ, రెండు లక్షల పైన. పక్క పొలం యలమందయ్యది అరవై వేలు, ప్రోనోటు మీద తెచ్చింది. వరసగా రెండేళ్లు పత్తి పోయాక ఎవరి దగ్గర ఎప్పుడు ఎంత తెచ్చారో ఆమె నోటితో చెప్పగలదు. మరి ఈ నసీమున్నీసా ఎవరు?

"ఏవండీ, ఈవిడెవరు?"

వీరాంజనేయులు కాగితం వైపు చూసి, కిటికీ వైపు తిరిగాడు. "సంతకానికి వస్తుందిగా, చూద్దువుగాని."

పదహారేళ్ల కాపురంలో ఆ పేరు ఒక్కసారి కూడా ఇంట్లో వినిపించలేదు. చిట్టీలు కట్టించుకునే ఆవిడా? చీరాల నుంచి చీరలు తెచ్చి అమ్మే ఆవిడా? అన్నిటికంటే వింతగా తోచింది ఆ నాలుగు వందలు. అప్పు ఇచ్చేవాళ్లు పదిహేనో ఇరవయ్యో ఇస్తారు గానీ, పదహారు వేల నాలుగు వందలని లెక్కపెట్టి ఇస్తారా?

చిలకలూరిపేటలో లాయరు శ్రీకృష్ణ గారి గది మేడ మీద ఉంది. కింద హైవే మీద లారీ పోయినప్పుడల్లా బల్ల మీది గాజు గ్లాసులు చిన్నగా చప్పుడు చేస్తున్నాయి. గోడవారన బెంచీల మీద ఎనిమిది మంది కూర్చున్నారు. లాయరు గారు ఒప్పందం మరోసారి చదివారు. రూపాయికి అరవై పైసల చొప్పున నాలుగేళ్లలో తీర్చాలి. కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిర్చి బస్తాలు, అరవై టిక్కీలూ, ఈ శుక్రవారమే గుంటూరు యార్డులో అమ్మి, మొదటి వాయిదాగా పంచాలి. జాబితాలో ఉన్నవాళ్లంతా సంతకం పెడితేనే ఒప్పందం చెల్లుతుంది.

"ఒక్క సంతకం తగ్గినా రేపే కోర్టుకెళ్లి ఇల్లు జప్తు చేయిస్తా. నా దగ్గర మొహమాటాల్లేవు" అన్నాడు అంకారావు. "ఎనిమిది పడ్డాయి. ఆ తొమ్మిదో ఆవిడ విమానంలో వస్తోందా ఏంటి?"

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. గుమ్మంలో బూబమ్మ! పదకొండేళ్లుగా ఏటా మిరపకాయ కోతకు ఇరవై మంది ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చే ముఠా మేస్త్రి. మాధవీలత చేతి మజ్జిగ ఎన్ని చెంబులు తాగిందో లెక్కలేదు.

"ఏం బూబమ్మా, ఇటొచ్చావు?"

"లాయరుగారు కబురెట్టారమ్మా."

"నసీమున్నీసా మీరేనా?" అన్నారు లాయరు గారు.

"నేనేనండి."

మాధవీలతకు చెవులు వేడెక్కాయి. ఈ వైపు వయసు మళ్లిన ముస్లిం ఆడవాళ్లందరినీ బూబమ్మ అనే పిలుస్తారు. ఆ పిలుపు వెనక ఈ మనిషికి సొంత పేరొకటి ఉంటుందని పదకొండేళ్లలో ఆమెకు తట్టలేదు. సిగ్గుపడుతూనే ఇంకోటి ఆలోచించింది. రోజు కూలికి కాయ కోసే మనిషి తమకు అప్పెలా ఇచ్చింది?

లాయరు గారు అరవై పైసల సంగతి చెప్పి పెన్ను అందించారు. ఆవిడ పుచ్చుకోలేదు.

"అప్పా? నేనెవరికిచ్చానయ్యా అప్పు? అది కోత కూలి. మా ఇరవై మందిదీ. అయ్యగారు తర్వాతిస్తానంటే ఆగాం. ఆగితే అప్పయిపోద్దా?"

"పేరేదైనా ఇవ్వాల్సిన డబ్బేగా, అమ్మా."

"నేను దీనికి ఒప్పుకుంటే ఇంటికెళ్లి మా ముఠాలో జైనాబీకి ఏం చెప్పాలి? పది సాళ్లు కోశావు గానీ ఆరు సాళ్లకే కూలి వస్తదని చెప్పనా?"

"అట్లాగైతే నేనూ అప్పివ్వలేదు" అన్నాడు అంకారావు. "మందు డబ్బాలిచ్చా. నాకూ రూపాయికి రూపాయి రావాలి."

"నీ మందుకి పురుగు చచ్చిందా అంకారావూ? నీకు అరవై పైసలే ఎక్కువ" అన్నాడు యలమందయ్య. గదంతా నవ్వారు. వీరాంజనేయులు మాత్రం నవ్వలేదు.

మాధవీలత భర్త దగ్గరకు జరిగింది. "కూలి ఇచ్చేశానని మార్చిలో నాతో చెప్పారుగా?"

"ఇద్దామనే తెచ్చాను."

"మరి ఏమైంది?"

అతను గొంతు తగ్గించాడు గానీ, చిన్న గదిలో అందరికీ వినపడింది. "దారిలో అంకారావు బండి ఆపాడు. వడ్డీ కట్టందే కదలనివ్వనన్నాడు."

"ఎంత కట్టించుకున్నారండీ?" మాధవీలత అంకారావును అడిగింది. గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

అంకారావు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, వేలు తడుపుకుని పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగాడు. చదవలేదు. పక్కనున్న యలమందయ్య తొంగిచూసి పైకే చదివాడు. "పదహారు వేల నాలుగు వందలు."

అందరూ అంకారావు వైపు తిరిగారు.

"ఎవరి డబ్బో నాకేం తెలుసయ్యా! నోటు మీద పేర్లు రాసుంటయ్యా?" అన్నాడు అంకారావు.

"లాయరుగారూ" అంది మాధవీలత, "కూలి డబ్బు ఈ జాబితాలో ఉండాలా?"

"తీసేయొచ్చమ్మా. అప్పుడు ఎనిమిది సంతకాలే చాలు. అయితే ఆవిడది పూర్తిగా ఇవ్వాలి. ముందు నాలుగు టిక్కీల డబ్బు అటు పోతుంది, వీళ్ల మొదటి వాయిదా ఆ మేరకు తగ్గుతుంది. దానికి ఎనిమిది మందీ ఒప్పుకోవాలి."

యలమందయ్య ముందే తలూపాడు. ఒకరి తర్వాత ఒకరు ఏడుగురు సరే అన్నారు. అంకారావు పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"కోర్టుకే పోతావా?" అన్నాడు యలమందయ్య. "నీకు ఆ డబ్బు ముట్టేసరికి నీ మనవడికి మీసాలొస్తయ్."

"కొట్టెయ్యండి సార్" అన్నాడు అంకారావు చివరికి, ఎవరి వైపూ చూడకుండా.

లాయరు గారు స్కేలు పెట్టి తొమ్మిదో వరస మీద అడ్డంగా గీత గీశారు. నాలుగు టిక్కీల సంగతి మార్జిన్‌లో రాశారు. అడుగున 'కొట్టివేత ఒకటి, చేర్పు ఒకటి' అని వేశారు. ఎనిమిది మందీ వాటి పక్కన పొట్టి సంతకాలు చేశారు. తర్వాత వీరాంజనేయులు, ఇల్లు ఇద్దరి పేరా ఉంది కాబట్టి అతని కింద మాధవీలత. ఆమె సంతకానికి ముందు ఆ కొత్త వాక్యాన్ని రెండుసార్లు చదివింది. నాలుగుకు బదులు పద్నాలుగని పడిందేమోనని అంకె చూసి, పక్కన అక్షరాల్లో కూడా రాయించింది.

"గీత గట్టిగా పడిందా అమ్మా?" అంది నసీమున్నీసా.

"గట్టిగానే పడింది."

"శుక్రవారం యార్డులో కాటా ఎన్నింటికి?"

"ఏడింటికి."

"ఆరున్నరకే వస్తాం. ఇరవై మందిమీ."

"ఇరవై మందా!" అన్నాడు అంకారావు. "ఎందుకూ?"

"కోసింది మేమేగా. బరువు మాకు తెలుసు" అని ఆవిడ కొంగు సర్దుకుని మెట్లు దిగింది.